ప్రమోదిని అనలేని మాట

మనవాళ్ళకి పలకరింపంటే ఎదుటి మనిషి ఒంటి మీద తీర్పు చెప్పడమే. బస్సు దిగీ దిగగానే "ఏటి, అలాగ సిక్కిపోనావు?" అంటారు ఒకరు. పెళ్ళి భోజనాల దగ్గర "ఓలమ్మా, ఎంత లావయిపోనావే!" అంటారు ఇంకొకరు. కుశలం అడిగినట్టూ ఉంటుంది, కడుపులో మంట కాస్త చల్లారినట్టూ ఉంటుంది. అన్నవాళ్ళు కూరలో ఉప్పు చూసినంత తేలిగ్గా అనేసి పోతారు. పడ్డవాళ్ళు ఇంటికెళ్ళి అద్దం ముందు నిలబడతారు. కాశీబుగ్గలో ఆడవాళ్ళ బట్టలు కుట్టే ప్రమోదినికి ఈ సంగతి ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు.

ఆమె పుట్టింది హరిశ్చంద్రపురంలో. బళ్ళో చేరేనాటికే కాస్త బొద్దుగా ఉండేది. ఎవరు మొదలుపెట్టారో గాని 'రోలు' అన్నారు. ఆ పేరు ఊరంతా పాకింది. హాజరు పిలిచేటప్పుడు తప్ప ప్రమోదిని అన్న అసలు పేరు ఎవరి నోటా వినపడేది కాదు. రైలు స్టేషన్లో టీ అమ్మే ముసలాయన కూడా "రోలమ్మా, మీ అయ్య ఏడే?" అని ఎంతో ప్రేమగా అడిగేవాడు. ఆ ప్రేమకే ఆమెకి ఎక్కువ మండేది. కోపంతో అన్నవాళ్ళని తిరిగి తిట్టొచ్చు. ప్రేమగా అన్నవాళ్ళని ఏం చేస్తాం?

టెక్కలిలో గణేష్ మాస్టారి దగ్గర కుట్టుపని నేర్చుకుంది. ఆయన చెయ్యి బంగారం, నోరు మురిక్కాలవ. టేపు చుట్టి కొలత పైకి చదివి, దాని వెనకాల ఒక మాట తగిలించేవాడు. "నడుం నలభై, గాదె!" అనేవాడు. "భుజం పన్నెండు, సీపురుపుల్ల!" అనేవాడు. బల్ల మీద కూర్చున్నవాళ్ళు నవ్వేవారు. కొలత ఇస్తున్న మనిషి కూడా నవ్వేది, నవ్వకపోతే ఇంకా చిన్నతనం కనక. ఒకరోజు నౌపడ ఉప్పుమళ్ళలో పనిచేసే పిల్ల ఒకతె కొత్త గుడ్డ పట్టుకుని వచ్చింది. మాస్టారు ఏదో అన్నాడు, అందరూ నవ్వారు. ఆ పిల్ల బల్ల మీంచి తన గుడ్డ తీసుకుని, ఒక్క మాట మాట్లాడకుండా మెట్లు దిగి వెళ్ళిపోయింది. కాజాలు కుడుతున్న ప్రమోదిని తలెత్తి ఆ పిల్ల వీపు కనపడినంతసేపూ చూసింది. తనకంటూ ఒక కొట్టు ఉంటే అక్కడ ఎవరి ఒంటినీ ఎవరూ తిట్టకూడదని ఆవేళే అనుకుంది.

అనుకున్నట్టే చేసింది కూడా. పెళ్ళయి కాశీబుగ్గ వచ్చాక, భర్త శ్యాంసుందర్ స్టేషన్ దగ్గర ఆటో తిప్పుతుంటే, ఈమె బజారు వీధిలో ఒక గది తీసుకుని మిషను వేసింది. సొంతూళ్ళో పేరు పోగొట్టుకున్న మనిషి కదా, 'ప్రమోదిని లేడీస్ టైలర్' అని వీధి చివరి నుంచి కనపడేంత పెద్ద అక్షరాలతో బోర్డు రాయించింది.

ఆ కొట్లో లావు అన్న మాట లేదు. లావుగా ఉన్నవాళ్ళు నిండుగా ఉన్నారు. బక్కగా ఉన్నవాళ్ళు నాజూగ్గా ఉన్నారు. పొట్టివాళ్ళది ముచ్చటైన ఎత్తు. నల్లటివాళ్ళకి "సామనసాయ మీద ఈ రంగు ఎంత లేత్తాదో సూడండి" అని గుడ్డ భుజం మీద వేసి చూపించేది. పొట్ట పెరిగి వచ్చినవాళ్ళతో "ఉతికితే గుడ్డ దగ్గిరపడుద్దని కొంచెం వదులొదిలీసేను" అనేది. సగం అబద్ధాలే. కాని ఆ అబద్ధాల కోసమే మందస నుంచి కూడా ఆడవాళ్ళు బస్సెక్కి ఆమె దగ్గరికి వచ్చేవారు.

పక్క గదిలో సుందరరామయ్య గారి పుస్తకాల కొట్టు. తెలుగు మేష్టారుగా రిటైరయ్యారు, బేరాల కన్నా కబుర్లెక్కువ. ఆయనకి మాటల పుట్టుపూర్వోత్తరాల పిచ్చి. "నాజూకు మన మాట కాదమ్మాయ్, పారసీ వాళ్ళ దగ్గర్నుంచి వచ్చింది" అనేవారు. "చామనచాయలో చామ ఏమిటనుకున్నావు? శ్యామ. శ్యామ అని నోరు తిరక్క చామ అయింది. ఇక లావు సంగతి వింటే నీకు నవ్వొస్తుంది. పాత తెలుగులో లావంటే బలం. ఫలానావాడికి లావుందంటే వాడు యుద్ధానికి పనికొస్తాడని. మెచ్చుకోలు మాటని పట్టుకుని మనవాళ్ళు తిట్టు కింద మార్చుకున్నారు."

"అయితే నాను ఆ కాలంలో పుట్టి ఉండాల్సింది మేస్టారూ" అని ప్రమోదిని దారం కొరికి నవ్వేది.

ఈ మంచి మాటల్లో ఒకటి ఒకరోజు ఆమె మెడకే చుట్టుకుంది.

శ్యాంసుందర్ అక్క రత్నాలమ్మని ఉద్దానంలో సముద్రం వైపున్న పోతులగెడ్డలో ఇచ్చారు. ప్రమోదినికి ఆడపడుచు. రత్నాలమ్మ పుట్టుకతోనే సన్నం. జీడితోటలో గింజలేరినా, వరి కోసినా, ఇద్దరు పిల్లల్ని కన్నా ఆ ఒంటికి పిసరంత కండ పట్టలేదు. పుట్టింట్లో 'పుల్ల రత్నాలు' అన్నారు, అత్తింట్లో 'ఎండుచేప' అన్నారు. పెళ్ళిపీటల మీద కూర్చుంటే "పెళ్ళికూతురేదీ, సీర మాత్రమే కనపడతంది" అని ఎవరో అంటే పందిరంతా నవ్విందట. ఆ సంగతి ఆవిడే చెప్పేది, చెప్పి తనే ముందు నవ్వేది. ఫోటో తీస్తుంటే మాత్రం వెనక వరసలోకి పోయి ఎవరో ఒకరి భుజం చాటున నిలబడేది.

మొన్న ఎండాకాలంలో ఆవిడ జాకెట్టు బిగుతైందని వచ్చింది. ప్రమోదిని నడుం దగ్గర కుట్లు విప్పుతూ, అలవాటు కొద్దీ, "ఒదినా, ఎంత నిండుగా ఉన్నావో తెలుసా! మా అన్నయ్య బాగా సూసుకుంతన్నట్టున్నాడు" అంది. రత్నాలమ్మ చటుక్కున తలెత్తింది. నలభై ఏళ్ళ బతుకులో ఆ మాట ఆవిడని ఎవరూ అనలేదు. "నిజంగానేటే?" అంది. అద్దం ముందుకెళ్ళి అటు తిరిగి, ఇటు తిరిగి చూసుకుంది. వానలు మొదలయ్యాక మళ్ళీ వచ్చింది, మళ్ళీ బిగుతు. ప్రమోదిని మళ్ళీ కుట్లు విప్పి, మళ్ళీ ఆ మాటే ఇంకాస్త తియ్యగా అంది.

మన వైపు ఆడవాళ్ళు ప్రతిసారీ కొలతలివ్వరు. ఒంటికి సరిపోయిన జాకెట్టు ఒకటి ఉంటుంది, దాన్ని ఆది అంటారు. ఆ ఆది ఇచ్చేస్తే టైలరు దాన్ని చూసి కుట్టేస్తుంది. మనిషి పెరిగితే లోపల వదిలిన గుడ్డలోంచి కొంచెం వదులు చేస్తుంది. అందువల్ల టైలరు చూసేది గుడ్డని, మనిషిని కాదు. ప్రమోదిని రెండుసార్లూ ఆదినే చూసింది.

కొన్నాళ్ళకి ఒకరోజు పొద్దున్న కొట్టు షట్టరు ఇంకా సగమే లేచింది. మొదటి బస్సు దిగి రత్నాలమ్మ సంచీతో వచ్చేసింది.

"ఓలే ప్రమోదినీ, ఇక కుట్లిప్పడాలు సాలు. నోపల గుడ్డంతా అయిపోనాది. నాకు కొత్త ఆది సెయ్యి. ఈ పాతదాంతో మిషను తుడుసుకో."

"ఇంత పొద్దున్నేటొదినా? ఏటైనా తిన్నావా?"

"తినబుద్ది కాట్లేదే ఈ మద్దిన. తినకుండానే ఒళ్ళొచ్చెత్తంది. నా అదుట్టం సూడు!"

ప్రమోదిని నవ్వుతూనే టేపు తీసింది. నడుం పెరిగింది. పొట్ట ఇంకా పెరిగింది. జబ్బ దగ్గరికి వచ్చేసరికి టేపు జారింది. సరిగ్గా పట్టలేదనుకుని మళ్ళీ చుట్టింది. జబ్బ పెరగకపోగా తగ్గింది. పాత ఆది చెయ్యి తొడిగి చూస్తే వదులుగా వేలాడింది. మనిషి నిండితే జబ్బ కూడా నిండాలి. ఇన్నేళ్ళ పనిలో ఎవరికీ ఇలా జరగలేదు. ఆ కంగారులో చేతిలోని చాక్‌పీసు జారిపడింది. వంగి తీసుకోబోతే వదిన పాదాలు కనపడ్డాయి. చెప్పు పట్టీ పాదంలోకి దిగిపోయి, రెండు వైపులా చర్మం పొంగి మెరుస్తోంది. ప్రమోదిని మెల్లగా తలెత్తి, వీధి వెలుగులో మొదటిసారి ఆ ముఖం కేసి పరీక్షగా చూసింది. కళ్ళ కింద సంచులు కట్టాయి. కనురెప్పలు బరువుగా దిగి ఉన్నాయి.

ఉద్దానంలో ఆడపడుచునిచ్చిన ప్రమోదినికి అదేమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. ఉద్దానాన్ని ఏళ్ళ తరబడి పట్టుకున్న ఆ కిడ్నీ జబ్బు పోతులగెడ్డలో ఎన్ని గడపలు తొక్కిందో ఆమెకి తెలుసు. ఆ ఊళ్ళో ఒక మాట ఎవరూ అనరన్న సంగతీ తెలుసు. వాపు అనరు. ముఖం ఉబ్బినవాళ్ళని నిగనిగలాడుతున్నావంటారు. కాళ్ళు పొంగినవాళ్ళని ఒళ్ళు చేశావంటారు. ఆ మాట పైకి అంటే దాని వెనకే రక్తపరీక్షలు, సూదులు, వారం వారం డయాలసిస్‌కి తిరగడాలు వరసకట్టి ఇంట్లోకి వచ్చేస్తాయన్నట్టు అందరూ దాన్ని నాలుక కింద నొక్కిపెట్టి బతుకుతున్నారు. కొట్లో తను మర్యాదకి వాడే మాటని ఆ ఊళ్ళో భయానికి వాడతారు. వినడానికి మాత్రం రెండూ ఒకలాగే ఉంటాయి.

"ఏటే, అలాగ సూత్తన్నావు? దిట్టి తగిలిద్ది నాకు" అని రత్నాలమ్మ నవ్వింది. "అంతా బాగుంది గాని ఈ నడుం నొప్పొకటి వదల్టం నేదు. మందుల కొట్లో బిళ్ళలిత్తన్నారు, ఏసుకుంతన్నాను. ఏసుకున్న రోజు హాయిగా ఉంతాది."

ఆ నొప్పి బిళ్ళలు కిడ్నీలని ఇంకా తినేస్తాయని కూడా ప్రమోదినికి తెలుసు.

"ఒదినా..."

"ఏటి?"

నాలుక మీదికి వచ్చింది. వదిన ముఖంలో ఆ సంతోషం చూస్తే మాట వెనక్కి పోయింది.

"ఏటీ నేదు. వీపు మీద తాళ్ళు పెట్టమంతావా?"

"పెట్టు! పెట్టీ! ఇన్నాళ్ళూ ఎముకలు కనపడతాయని నిండా కొంగు కప్పుకునీదాన్ని. ఇప్పుడేటి దాపరికం?" అని రత్నాలమ్మ అద్దంలో తనని చూసుకుని కొత్త పెళ్ళికూతురిలా సిగ్గుపడింది. కుంకుళ్ళూ, లైనింగు గుడ్డా కొనుక్కోవాలని చెప్పి, వచ్చినంత హుషారుగానే వెళ్ళిపోయింది.

ఆవిడ వెళ్ళాక ప్రమోదిని మిషను ముందు కూర్చుంది. కూర్చుని లేచింది. మళ్ళీ కూర్చుంది. జాకెట్టు ఎడమ చేతిని తిరగేసి కుట్టింది, విప్పింది, మళ్ళీ తిరగేసే కుట్టింది. సూది గుడ్డలో కాక వేలి చివర్లో దిగింది. టీ తెప్పించుకుని తాగడం మరిచిపోయింది. పరిగెత్తుకెళ్ళి బస్టాండులోనే చెప్పేద్దామని రెండుసార్లు చెప్పులు వేసుకుని, రెండుసార్లూ విప్పేసింది. ఏమని చెప్పాలి? నువ్వు జన్మలో మొదటిసారి సంతోషపడ్డ ఒళ్ళు నీది కాదు, రోగానిదని చెప్పాలా? నిండుగా ఉన్నావని మొదట అన్నది ఎవరు? ఈ నోరే కదా.

అప్పుడే మాధురి గారని, కాన్వెంటు టీచరు, కుట్టిన జాకెట్టు పట్టుకుని వచ్చారు. పోయినసారి వదులన్నారు, ఈసారి బిగుతన్నారు, ఇంకోసారి వదులంటారేమోనన్నారు. ప్రమోదిని విని విని, "ముందు మీరు లావో సన్నమో ఒకటి తేల్చుకోండి మేడమ్, తర్వాత కుడతాను!" అంది.

అనేశాక నాలుక కరుచుకుంది. ఆ గదిలో ఆ మాట ఇంతవరకూ పుట్టలేదు. మాధురి గారు జాకెట్టు చుట్టి సంచీలో పెట్టుకుని మెట్లు దిగారు. ఆ వీపు చూసి ప్రమోదినికి ఏడుపొచ్చింది. అనాల్సిన చోట అనలేక, అనకూడని చోట అనేసినందుకు తనని తనే కసితీరా తిట్టుకుంది.

లేచి పక్క కొట్లోకి వెళ్ళింది. సుందరరామయ్య గారు పేపరు చదువుకుంటున్నారు.

"మేస్టారూ, వాపుకి మంచి మాటేటైనా ఉందా?"

ఆయన కళ్ళజోడు పైకి తోసుకున్నారు. "శోఫ అంటారు వైద్యంలో, అది సంస్కృతం. మనకి ఉబ్బు, పొంగు, నీరు పట్టడం ఉన్నాయి. ఎందుకమ్మాయ్?"

"అవి కాదండీ. ఇన్న మనిషికి సంగతి తెలియాల, మనసుకి దెబ్బ తగలకూడదు. లావుకి నిండు ఉంది కదా, అలాంటిది."

ఆయన చాలాసేపు ఆలోచించారు. మాటలు అడిగితే తడుముకోవడం ఆయనకి అలవాటు లేదు. "ఎవరికమ్మా?" అన్నారు చివరికి.

"మా ఒదినకి" అంది ప్రమోదిని.

"అయితే అలాంటి మాట లేదు తల్లీ. ఉన్నా వెతక్కు. లావుగా ఉన్నవాళ్ళకి జబ్బేమీ లేదు, ఎదుటివాళ్ళ నోటికే జబ్బు, అందుకని నువ్వు మంచి మాట వెతికావు. బాగానే చేశావు. ఇప్పుడు జబ్బు మనిషికి ఉంది. మాట మెత్తగా ఉంటే ఆవిడ మెత్తగానే వింటుంది, విని ఇంట్లో కూర్చుంటుంది."

ప్రమోదిని షట్టరు దించి తాళం వేసింది. స్టేషన్ దగ్గర శ్యాంసుందర్‌కి చెబితే అతను ఆటోలోంచి దిగనైనా దిగకుండా తల పట్టుకున్నాడు. "ఆ ఊళ్ళో ఆ మాటనకే. శాపనార్థం పెట్టినావంతారు. అక్క మళ్ళా మన గుమ్మం తొక్కదు."

"తొక్కాలంటే బతికుండాల కదా" అంది ప్రమోదిని. అతను ఆటో తిప్పి ఆమెని బస్టాండులో దింపాడు.

మందసలో బస్సు దిగి, షేర్ ఆటో ఎక్కింది. దారి పొడుగునా లోపల్లోపల మాటలు పేర్చుకుంటూనే ఉంది. ఒదినా, ఒకసారి డాక్టరుకి చూపించుకుందామా? అబ్బే, ఎందుకంటుంది. ఒదినా, నాకే ఒంట్లో బాగాలేదు, తోడు రావా? వస్తుంది, వచ్చి బయట బల్ల మీద కూర్చుంటుంది. ఒక్కో మాటా పేర్చడం, కూల్చడం. పక్కన కూర్చున్నావిడ "ఏటమ్మా, నీలో నువ్వే మాటాడుకుంతన్నావు?" అంటే, సమాధానం చెప్పకుండా కొబ్బరితోటల కేసి ముఖం తిప్పుకుంది. ఆటో నత్తలా పోతున్నట్టనిపించింది. వెనక్కి తిరిగి పోతే బాగుండునని కూడా అనిపించింది.

పోతులగెడ్డ చేరేసరికి పొద్దు వాలుతోంది. రత్నాలమ్మ వీధి అరుగు మీద కాళ్ళు జాపుకుని కూర్చుని ఉంది. పక్కింటి తవిటమ్మ ఆ అరుగు మీదే కొబ్బరీనెలు చీరి చీపుళ్ళు కడుతోంది. తవిటమ్మది పెద్ద వయసు. ఆవిడ భర్త ఆ జబ్బుతోనే పోయాడు. ఆయనకి కడుపు దాకా నీరు పట్టినా ఆవిడ చివరి రోజు వరకూ "మా ఆయన ఒళ్ళు సేసినాడు" అనే అంది. రత్నాలమ్మ భర్త పోలారావు పెరట్లో కొబ్బరికాయలు గుట్టపోస్తున్నాడు.

"ఇదేటే, పొద్దున్నేగా కలిసినాం? జాకెట్లు అప్పుడే కుట్టీసినావేటి?" అని రత్నాలమ్మ లేవబోయింది.

ప్రమోదిని నిలబడే ఉంది. దారిలో పేర్చుకున్న మాటల్లో ఒక్కటీ మిగల్లేదు.

"ఒదినా, నీ ఒళ్ళు నిండలేదు. వాసింది. మొకం వాసింది, కాళ్ళు వాసినాయి. పొద్దున్న నీకు సెప్పనేకపోనాను. రేపు ఆసుపత్రికి ఎల్దాం. ఆ బిళ్ళలు ఇంక ముట్టుకోకు."

తవిటమ్మ చేతిలో కత్తి ఆగిపోయింది. "ఓలే, నోర్ముయ్! దీపాల వేళ, గుమ్మంలో నిలబడి ఆ మాటేటే? బుద్దుందా నీకు?"

పెరట్లో కాయల చప్పుడు ఆగింది.

రత్నాలమ్మ ముఖం ముందు తెల్లబోయింది, తర్వాత ఎర్రబడింది. "నాను కూసింత బాగుంటే నీ కళ్ళు కుట్టినాయేటే? నవ్వుకుంతా తిరిగితే సూడనేకపోనావా? రోలులాగ నువ్వుండగా నా ఒంటి గురించి నువ్వు సెప్పొచ్చినావా?"

ఆ పేరు రత్నాలమ్మ ఎప్పుడూ అనలేదు. తమ్ముడి పెళ్ళిలో ఎవరో అంటే వాళ్ళని నలుగుర్లో కడిగేసిన మనిషి ఆవిడ. ప్రమోదినికి కళ్ళు మసకబారాయి. వెనక్కి తిరిగి పోవాలనిపించింది. పోలేదు. అరుగు ముందు కింద కూర్చుంది.

"తిట్టు ఒదినా. ఇంకో నాలుగు తిట్టు. కాలు మాత్రం ఇటియ్యి."

రత్నాలమ్మ కాలు లాక్కోబోయింది. ప్రమోదిని గట్టిగా పట్టుకుని, మోకాలి కింద ఎముక మీద బొటనవేలితో నొక్కి, వదిలింది. సొట్ట పడింది. కండైతే వెంటనే పూడేది, ఈ సొట్ట అలాగే ఉండిపోయింది. పెరట్లోంచి వచ్చి నిలబడ్డ పోలారావు దాన్ని చూశాడు. తవిటమ్మ చూసి ముఖం తిప్పుకుంది. అది పూడుతుందేమోనని అందరూ ఎదురు చూశారు. పూడలేదు.

"రోజూ పొద్దున్న లేత్తూనే నానూ నొక్కి సూసుకుంతన్నానే" అంది రత్నాలమ్మ. గొంతులో కోపం పోయింది. "సొట్ట పడీది. బయమేసీది. మళ్ళా అనుకునీదాన్ని, ఈ ఊరోళ్ళు అబద్దాలాడతారు గాని మా ప్రమోదిని ఆడదు, టేపెట్టి కొలిసే మనిషి, అది నిండుగా ఉన్నావందంటే ఇది కండే, రోగం కాదు అని. నీ మాట పట్టుకునే డాట్టరు దగ్గిరికి ఎల్లనేదు."

ప్రమోదిని మర్యాదకి అన్న మాటని ఈ మనిషి పరీక్ష ఫలితంలా గుండెలో దాచుకుంది. ఎండాకాలం నుంచి వానాకాలం దాకా ఆ ఒక్క మాట మీద ధైర్యంగా కూర్చుంది. ఇంతకన్నా గణేష్ మాస్టారి నోరే నయమనిపించింది. ఆ నోటికి మనుషులు ఏడ్చారు గాని ఎవరూ ఇలా మోసపోలేదు.

"నానూ అబద్దమే ఆడినాను ఒదినా. నీ జాకెట్టు సూసినాను గాని నీ మొకం సూడనేదు. నాను అబద్దమాడనని నువ్వనుకున్నావు. నాను ఆడినాను" అని ప్రమోదిని ఆ కాలు పట్టుకునే ఏడ్చింది.

రత్నాలమ్మ చిన్నపిల్లలా అడిగింది. "మరి బాగున్నానన్నావు కదే. అదీ అబద్దమేనా?"

"బాగున్నావొదినా. పుల్లలాగున్నప్పుడూ బాగున్నావు. అప్పుడే ఆ మాట అనుండాల్సింది. మాకెవరికీ నోరు రానేదు."

రత్నాలమ్మ కొంగుతో ముఖం కప్పుకుంది. పోలారావు ఇంట్లోకి వెళ్ళి, గూట్లోంచి నొప్పి బిళ్ళల అట్టలు తీసుకొచ్చి తన జేబులో పెట్టుకున్నాడు. "నాకూ అనుమానమే. అంటే ఏటవుద్దోనని అననేదు" అన్నాడు నేల చూస్తూ. తవిటమ్మ చీపుళ్ళు కట్ట కట్టుకుని, ఎవరి కేసీ చూడకుండా తన గుమ్మంలోకి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్న ముగ్గురూ బయల్దేరారు. రాత్రి వాన పడి దారంతా బురదగా ఉంది. వీధి కుళాయి దగ్గర ఆడవాళ్ళు బిందెలతో నిలబడి ఉన్నారు. వాళ్ళలో తవిటమ్మ కూడా ఉంది. నిన్న సాయంత్రం జరిగిందంతా కళ్ళారా చూసిన మనిషే, అయినా అలవాటు ఊరుకోనిస్తుందా?

"ఏటి రత్నాలూ, పొద్దున్నే పయనం? మొకం నిగనిగలాడతంది!"

రత్నాలమ్మ ఆగింది. ప్రమోదిని ఆవిడ మోచెయ్యి పట్టుకుంది. పోలారావు గొంతు సవరించుకుని ఏదో సర్దబోయాడు.

"నిగనిగ కాదత్తా" అంది రత్నాలమ్మ, కుళాయి దగ్గర అందరికీ వినపడేలా. "వాపు. పలాస ఆసుపత్రికి ఎల్తన్నాను."

ఆ వీధిలో ఆ మాట గట్టిగా అన్నవాళ్ళు అంతవరకూ లేరు. కుళాయి కింద బిందె నిండి నీళ్ళు పొర్లిపోతున్నా ఎవరూ దాన్ని పక్కకి లాగలేదు.

తవిటమ్మ అటూ ఇటూ చూసింది. తన బిందె దించింది. మెల్లగా నడిచి ప్రమోదిని దగ్గరికి వచ్చింది. చీర కుచ్చిళ్ళు చీలమండ పైదాకా ఎత్తి పట్టుకుంది.

"అమ్మీ, నాదీ ఒకపాలి సూడవా?"

ప్రమోదిని ఆ బురదలోనే కూర్చుని, ఆ కాలి మీద బొటనవేలు పెట్టి నొక్కింది. కుళాయి దగ్గరున్న ఆడవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు బిందెలు వదిలేసి అటు నడిచి వచ్చారు.